మూత తీయని డబ్బా

గత ఆదివారం మేం ల్యాబ్ తమ్ముడు అని పిలిచే మా పక్కింటాయన గుండె ఆగి పోయాడు. ఇరవై ఏళ్లు గాజువాకలో ఒకే ప్రహరీగోడకు అటూ ఇటూ ఉన్నాం.

అతను కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అటెండరు. ఫ్యాక్టరీల చుట్టుపక్కల మట్టిలో సహజంగా ఉండే రేడియోధార్మికతను అక్కడ కొలిచేవారు. ఆ మట్టి తెచ్చి సిద్ధం చేయడం అతని పని. రిటైరయ్యాక కూడా మానలేదు. మేడ మీద పాత పేపర్లు పరిచి ఆరబెట్టేవాడు, ప్రతి కుప్పకూ ఊరి పేరు రాసిన చీటీ. ఒకసారి నా పిండి జల్లెడ అడక్కుండా పట్టుకుపోయి మట్టి జల్లించాడు. గట్టిగా తిట్టాను. సాయంత్రానికి కొత్తది తెచ్చి, "ఇది పిండికి, అది మట్టికి. కలిపీకక్కా" అని నాకే జాగ్రత్త చెప్పాడు.

రెండు నెలల క్రితం మా పెరట్లో పల్లం పూడ్చడానికి ఫ్యాక్టరీ బూడిద కలిసిన మట్టి పోయించాం. అందులో రేడియేషన్ ఉంటుందని ఎవరో అనగానే కోడలు మా మనవరాలిని పెరట్లోకి దిగనివ్వడం మానేసింది.

"ఏ మట్టిలోనైనా ఉంటాదమ్మా. ఎంతున్నాదో సూసి భయపడాల, సూడకుండా కాదు" అని తమ్ముడు కోడలికి చెప్పాడు. ఆ మట్టి ఆరబెట్టి, జల్లించి, డబ్బాలో పోసి, మూతకు టేపు చుట్టాడు. నెల రోజులు కదపకూడదట. మట్టిలోంచి పుట్టే వాయువు లోపలే నిలవాలి, అప్పుడే యంత్రం సరిగ్గా కొలుస్తుంది. "మా ఇంట్లో పిల్లలు ఆగరు. నీ అలమర ఎవడు ముట్టుకుంతాడు?" అంటూ డబ్బా నా వంటింట్లో పెట్టాడు.

ముట్టుకున్నది నేనే. ఇరవై మూడో రోజున మూత అంచున మట్టి కనిపిస్తే, తుడిచి సరిగ్గా పెడదామని టేపు విప్పి తీశాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరును, తుడవడం దగ్గర లెక్క మరిచాను.

"ఏటక్కా, నువ్వేనా! గాలంతా ఎలిపోనాది కదా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక్క మాట కసరలేదు. కొత్త టేపు చుట్టి, మళ్లీ నెల లెక్కగట్టి, మూత మీద తేదీ వేశాడు. "ఈపాలి నానొచ్చి తీత్తాను. నువ్వు కాఫీ ఎట్టు, సాలు."

నేను తీయకుండా ఉండి ఉంటే మట్టిలో ఎంతుందో ఆ జవాబు అతని నోటితోనే వినేదాన్ని. ఈ మాట కోడలికి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

ఆ తేదీ రోజున ల్యాబ్ వాళ్లు వచ్చి డబ్బా పట్టుకెళ్తామన్నారు. ఈసారి నేను అలమర దుమ్ము కూడా దులపలేదు.

మనవరాలు పెరటి గుమ్మంలో కూర్చుని, "ఇంకెన్ని రోజులు మామ్మా?" అని అడిగింది.

"ఐదు."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. తర్వాత కాళ్లు మట్టికి తగలకుండా మెట్టు మీదికి ముడుచుకుంది.