జమేదారుకు ఒప్పజెప్పిన వాక్యం

రజాకార్ల కాలమది. జనగామ దగ్గర మా పల్లెలో, చదువు రాని నేను పిల్లలకు బైబిలు వాక్యాలు నోటితోనే నేర్పేదాన్ని. దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరాడని నా మొగుణ్ణి కొట్టి చంపిన పోలీసు జమేదారే ఒకరోజు మా గుడిసెలోకి వచ్చాడు.

“ఏందే, సంఘం పాటలు నేర్పుతున్నవా? చెప్పమను, వింట!”

పిల్లలు శత్రువులను ప్రేమించమనే వాక్యం ఒప్పజెప్పారు. వాడు పగలబడి నవ్వాడు.

“అయితే నన్ను గూడ ప్రేమిస్తవా?”

వాడి తుపాకి నా బిడ్డ వైపు తిరిగి ఉంది.

“ప్రేమిస్త దొరా,” అన్నాను.

వాడు పోయాక నా బిడ్డ అడిగింది: “అవ్వా, నాయినను సంపినోన్ని నిజంగనే ప్రేమిస్తవా?”

అవునంటే మొగుడికి ద్రోహం, కాదంటే వాక్యానికి. పొయ్యి ఊదుతూ మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు దాని పిల్లలకూ వాక్యాలు నేర్పుతున్నాను. ఆ ఒక్కటి మాత్రం నా బిడ్డనే నేర్పుకోమన్నాను.