రెండేసి గ్లౌజులతో బిగించిన ర్యామ్

2020. లాక్‌డౌన్ సడలి సూరత్‌లో దుకాణాలు పూటకింత తెరుచుకుంటున్న రోజులు. లింబాయత్‌లో నాది కంప్యూటర్ రిపేరు దుకాణం. ఆల్థాన్ నుంచి అడాజన్ దాకా నా చెయ్యి పడని కంప్యూటర్ లేదంటే నమ్మండి. సరే, నమ్మకండి. అడాజన్‌కి వెళ్లింది రెండేసార్లు, అందులో ఒకసారి అడ్రసు దొరక్క తిరిగొచ్చాను.

ఒకరోజు పొద్దున పదకొండింటికి భవాని ఫోన్ చేసింది. మా గల్లీ చివర, మూడో అంతస్తులో ఉండే రాజమల్లు కూతురు. రాజమల్లుది సిరిసిల్ల దిక్కు ఊరు. ముప్పై ఏళ్లుగా ఇక్కడ పవర్‌లూమ్ నడుపుతున్నాడు, ఆ చప్పుడుకి చెవులు చాలావరకు మూసుకుపోయాయి. కరోనాతో లూములు బందయి అప్పటికి నెలలైంది.

"తాతా, ఈ కంప్యూటర్ పాణం తీస్తుంది. చీర డిజైన్ తెరిస్తే చాలు, హ్యాంగ్ అయితుంది. నాలుగింటి లోపల చీరల సేఠ్‌కు పంపాలె. ఇదొక్కటి మంచిగొస్తే ఇంటికాడనే పని ఇస్తడట. రాకుంటే ఇంకొకళ్లను చూసుకుంటడట."

రోగమేంటో నాకు ఫోన్‌లోనే తెలిసిపోయింది. ర్యామ్ చాలడం లేదు. హార్డ్ డిస్క్ బీరువా అనుకోండి, ర్యామ్ చీర పరిచే బల్ల. బీరువాలో వంద చీరలున్నా, బల్ల చిన్నదైతే ఒక్క చీరనైనా పూర్తిగా విప్పి చూడలేం. భవాని కొన్న పాత కంప్యూటర్లో బల్ల రెండు జీబీలే. దుకాణంలో దానికి సరిపోయే నాలుగు జీబీ ముక్క ఒకటి ఉంటే జేబులో వేసుకుని బయల్దేరాను.

నా అలంకారం కూడా చెప్పాలి. మూతికి రెండు మాస్కులు, మొహానికి ప్లాస్టిక్ షీల్డు, చేతులకి రెండేసి జతల రబ్బరు గ్లౌజులు. నన్ను చూసి భవాని రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంది తాతా, ఆపరేషన్ చేస్తవా?"

"ఆపరేషనే బిడ్డా. నువ్వు, మీ నాయిన బయట గ్యాలరీల నిలబడున్రి."

కరెంటు తీసి, క్యాబినెట్ డబ్బా పక్కరేకు విప్పాను. కొత్త ర్యామ్‌ని పాతదాని పక్క స్లాట్‌లో, అంటే మదర్‌బోర్డు మీదున్న సన్నటి గాడిలో పెట్టి నొక్కాలి. రెండు చివర్లా రెండు లాకులుంటాయి, రెండూ టక్కుమని పడాలి. అంతే పని. కాకపోతే నాకు ప్రేక్షకులున్నారాయె! కిటికీలోంచి చూస్తున్న భవానికి బీరువా, బల్ల, చీరల ఉపన్యాసం దంచుతూ నొక్కాను. రేకు మూసి స్విచ్ వేశాను.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది. లోపలినుంచి బీప్... బీప్... బీప్.

షీల్డు మీద ఆవిరి పట్టి నాకేమీ కనిపించడం లేదు. ఆ సంగతి ఒప్పుకుంటానా? గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను: "మదర్‌బోర్డు పోయింది బిడ్డా. కొత్తది తెప్పియ్యాలె. రెండు రోజులైతది."

భవాని గడియారం చూసింది. ఒంటిగంటన్నర. తండ్రి వైపు తిరిగి చేతులతో ఏదో చెప్పింది. లూముల హోరులో మాట వినపడదు గనక అక్కడ పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. వీళ్లింట్లోనూ అదే భాష. 

రాజమల్లు నా ఆరడుగుల దూరం ఖాతరు చెయ్యకుండా లోపలికొచ్చాడు. చెవులు వినపడనివాళ్లకి మెల్లగా మాట్లాడ్డం రాదు.

"కాకా! ఏడ చెయ్యి పెట్టినవో జర సూపియ్యి!"

కరెంటు తీసి, రేకు విప్పి చూపించాను. క్యాబినెట్ ఇనుముని ఓసారి తాకమన్నాను, ఒంట్లో కరెంటుంటే చిప్పులు పాడవుతాయని. తాకాడు. తర్వాత కళ్లు మూసుకుని, బట్ట మీద పోగు వెతికినట్టు, పాత ర్యామ్ మీదా కొత్త ర్యామ్ మీదా చూపుడువేలు నడిపాడు.

"ఇది గీ దిక్కు లేసింది."

"లేవలే. నేనే బిగించిన!"

"పోగంత లేసింది కాకా. మా మిషన్ల గింత లేస్తే బట్ట తాన్ మొత్తం ఖరాబైతది. ముందుగాల నువ్వు గా గ్లౌజులు తియ్యి!"

తీశాను. నా వేలికి ఏ తేడా తెలియలేదు గానీ, అతని మొహం చూసి గట్టిగా నొక్కాను. టక్. రెండో లాకు పడింది. స్విచ్ వేస్తే ఒకే ఒక్క చిన్న బీపు, వెంటనే తెర నిండా వెలుగు. నా తీర్పు విని చిన్నబోయిన పిల్ల, ఇప్పుడు నన్ను తోసుకుని కుర్చీలో కూర్చుంది. డిజైన్ విప్పింది. తెర మీద అంచు మొత్తం పూలతో పరుచుకుంది. ఎక్కడా ఆగలేదు.

"తాతా, మరి మదర్‌బోర్డు?"

"నిన్ను పరీక్షించిన బిడ్డా."

"గట్లనా? మా నాయిన పాసైండు. నువ్వు?"

నాలుగింటికి పది నిమిషాలుండగా డిజైన్ వెళ్లింది. పని దొరికింది.

ఆ తర్వాత దుకాణానికొచ్చినవాళ్లందరికీ ఈ కథ చెప్పాను, బీపు విని ర్యామ్ లేచిందని నేనే కనిపెట్టినట్టు. ఈరోజు ఒప్పుకుంటున్నాను, ఆ వేలు రాజమల్లుది. ఇంకో మాట కూడా. కొత్త ముక్క పెట్టగానే బీపు మొదలైతే, ముందు ఆ ముక్క తీసి చూడాలి. ఈ పని నేర్చుకునేవాడికి మొదటివారం చెప్పే పాఠమది. తప్పు నా చేతిది కాదనుకోవాలని మదర్‌బోర్డు మీదికి తోశాను. ఆ తొందరలో ఒక ఇంటి కూడు రెండు రోజులు వాయిదా వెయ్యబోయాను.

లూములు తెరిచాక ఒకరోజు రాజమల్లు మీటరు బట్ట తెచ్చి నా బల్ల మీద పరిచాడు. అంచు నిండా భవాని పూలు, అతని లూము మీదే నేసినవి.

"వేలు పెట్టి సూడు కాకా, పోగేమన్న లేసిందా?"

కళ్లు మూసుకుని అంచు పొడుగునా వేలు నడిపాను. "ఒక్కటి లేవలే," అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

నిజానికి నాకేమీ తెలియలేదు. కానీ అప్పట్నుంచి ఏ ర్యామ్ పెట్టినా నోరు మూసుకుని, ఉత్త వేలితో ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఓసారి తడిమి గానీ రేకు మూయను.