పడకముందు సంగతి

మొన్న ఎమ్మిగనూరు సంతలో, ఆదోని నుంచి వచ్చిన పత్తి బండి మనిషి చెప్పాడు, మా డాక్టరుగారు పోయారని. చేతిలో సంచి కింద పెట్టి అక్కడే కూలబడ్డాను. ఇక భయమేస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తాలి?

రోగిని ముట్టుకునే ముందు ఆయన రోగి ఇంటివాళ్లను ప్రశ్నలతో విసిగించేవారు. "పడినాక సంగతి నాకు కనపడతానే ఉండాది. పడకముందు సంగతి సెప్పండప్పా" అనేవారు. మందియ్యమంటే పురాణం అడుగుతాడని మా అమ్మ సణిగేది.

మా అన్న ఆదోనిలో కుర్చీలకు, బీరువాలకు పాలిష్ వేసేవాడు. చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. పడేవాడు, కొట్టుకునేవాడు, కాసేపు నిద్రపోయి లేచి మంచినీళ్లు అడిగేవాడు. ఒకరోజు పట్టపగలు పడితే అమ్మ ఎప్పటిలాగే చేతిలో తాళాల గుత్తి పెట్టింది. కొట్టుకోవడం ఆగింది గానీ అన్న లేవలేదు. ఊపిరి కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది. పరుగెత్తి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను.

"పాత మూర్ఛేనయ్యా" అంది అమ్మ, నా చేయి గట్టిగా నొక్కుతూ. ఎందుకు నొక్కిందో నాకు తెలుసు. అవి మద్యనిషేధం రోజులు. సారా దొరక్క పాలిష్ పనివాళ్లు కొందరు పాలిష్‌లో కలిపే స్పిరిట్టునే నీళ్లు కలుపుకుని తాగేవారు. ఆ మాట బయటపడితే పోలీసులు అన్నను ఈడ్చుకుపోతారని మాకు వణుకు.

డాక్టరుగారు తలుపు మూసి నావైపు తిరిగారు. "పోలీసోడు స్టేషన్లో ఉండాడు. యముడు ఈడనే, మంచం కాడ ఉండాడు. ఎవురికి భయపడాలో నువ్వే సూసుకో తల్లీ."

అమ్మ చేయి విదిలించుకుని చెప్పేశాను. రాత్రి తాగాడు. పొద్దున్నుంచీ కడుపునొప్పి, వాంతులు. పడబోయే ముందు "ఇంత పొగేంది, పొయ్యి ఆర్పు" అన్నాడు. ఇంట్లో పొయ్యే వెలిగించలేదు.

ఆయన మొహం పాలిపోయింది. "మూర్ఛ రోగం కాదు ఇది. కండ్లకు పొగ కమ్మి, ఊపిరి ఇట్ల ఎగేస్తాంటే స్పిరిట్టు యిసమే. ఫిట్సు కూడా దాని పనే" అన్నారు. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి సోడాఉప్పు నీళ్లు పోశారు. తర్వాత మందుగా దాచుకున్న బ్రాందీ తీసేసరికి అమ్మ నెత్తి బాదుకుంది.

"అయ్యో, తాగి సస్తాంటే మళ్లా తాగిస్తాండావా!"

"ఆ యిసాన్ని అడ్డుకునేది ఇదేనమ్మా. అరవొద్దు, నాకూ భయంగానే ఉండాది."

దేవుడా, ఈయనకే భయమైతే మా గతేమిటి అనుకున్నాను. కానీ ఆయన పని ఆపలేదు. జట్కాలో ఆసుపత్రి దాకా తానే వచ్చారు.

అన్న బతికాడు. చూపు మాత్రం రాలేదు. "నన్నెందుకు బతికించినావు?" అని, చూడ్డానికి వచ్చిన డాక్టరుగారిని అన్న ఎన్నిసార్లు తిట్టినా, "తిట్టప్పా, ఆ గొంతు వినేదానికే కదా వచ్చింది" అని నవ్వేవారు. అంత ఓర్పు నాకైతే లేదు.

కబురు విన్న రోజే అన్నను పట్టుకుని ఆదోని పోయాను.

"ఎట్లుండాడు?" అన్నాడు పాడె దగ్గర.

"నిద్రపోతాన్నట్ల ఉండాడన్నా."

అన్న నమ్మలేదు. తడుముకుంటూ వంగి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి కోసం ఆగాడు. మోసేవాళ్లు తొందరపెడుతున్నారు. అన్న వేలు తీయలేదు.