పళ్ల డాక్టరుగారి గిటారు పరీక్ష

పాత గిటార్ల ధరలు కూడా కొండెక్కి కూర్చున్నాక, మోసపోతామని భయపడేవాళ్లంతా పళ్ల డాక్టరుగారిని వెంటబెట్టుకెళుతున్నారు. ఆయన పళ్లు చూసే బుల్లి అద్దాన్ని గిటారు బొజ్జలోకి దూర్చి, వేలితో టకటకా తట్టి, "ఊఁ... ఇక్కడ అతుకుంది" అంటారు. కొట్టువాడి మొహం కందగడ్డవుతుంది. నిన్న బావమరిది కోసం చూసిన గిటారులో అతుకు కనబడగానే మాత్రం ఆయన తట్టడం ఆపి, అద్దాన్ని ఇంకాస్త లోపలికి దూర్చారు. అది పళ్లకు వాడే సిమెంటు. పెట్టింది తనే. కిందటేడు ఇల్లు ఇరుకైందని కారుచవకగా వదిలించుకున్న సొంత గిటారది!

"గొప్ప విద్వాంసుడు వాయించిందండీ," అంటూ కొట్టువాడు ఆయన అమ్మిన ధరకు నాలుగింతలు చెప్పాడు.

బావమరిది ఆయన చెవిలో గొణిగాడు. "ఏం బావా, ఏమైనా లోపముందా?"

"గిటారుకేం, నిక్షేపంగా ఉంది. అమ్మినవాడికే బుద్ధి లేదు," అని డాక్టరుగారు అద్దం జేబులో వేసుకున్నారు.