పాదసూచికలో లేని పేరు

చోడవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతూ పిహెచ్‌డి చేశాను. నా అంశం ఊడ్పుల పాటలు. చీడికాడ దగ్గర ఒక ఊళ్లో డెబ్బై దాటిన మామ్మ ఒకామె నాకు పాటలు పాడేది. ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని.

ఒకసారి పాట మధ్యలో ఆగిపోయింది.

"ఇది ఎవులి కాడా నేర్సుకున్నది కాదమ్మా. నేనే కట్టేను. మా గుంట జొరమొచ్చి పోయిన యేడు. మడిలో ఏడిస్తే పని సాగదు. పాడితే ఎవులూ ఏటీ అనరు."

"నీ పేరు రాస్తాను మామ్మా."

"నాదెందుకు? గుంట పేరు రాయి."

మామ్మ పేరూ, జ్వరంతో చనిపోయిన ఆమె కూతురి పేరూ పాదసూచికలో రాశాను. గైడు కొట్టేశారు.

"జానపద గేయానికి కర్త ఉండడమ్మా. ఆవిడే కట్టిందని ఆధారం ఏది? అచ్చులో ఉందా?"

రికార్డింగు ఉందన్నాను. నవ్వి, పేజీ తిప్పేశారు.

మరుసటి ఏడు ఆ పాట ఒక పత్రికలో వచ్చింది. వ్యాసం ఆయనది, సేకరణ కూడా ఆయనదేనట. అడుగుదామనే ఆయన గదికి వెళ్లాను. "ఏమ్మా?" అన్నారు. హాజరు కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

థీసిస్ ఇచ్చేటప్పుడు లైబ్రరీలో కాపీని పట్టే కంప్యూటరు ఆ పాటంతా ఎర్రగా చూపించింది. "ఇది ఇదివరకే అచ్చయింది మేడమ్. ఆ వ్యాసం పేరు ఇవ్వకపోతే కాపీ కొట్టినట్టే," అన్నాడు లైబ్రరీ ఉద్యోగి. గైడు పేరు, వ్యాసం పేరు, పత్రిక, పుట సంఖ్య, అన్నీ వరసలో టైపు చేశాను. ఒక్క కామా కూడా తప్పు పోలేదు.

డిగ్రీ వచ్చాక పుస్తకం పట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్లాను. ఆమెకు చదువు రాదు.

"గుంట పేరెక్కడుందో సూపించమ్మా," అంది.

పేజీ తీసి, ఆమె వేలు పట్టుకుని గైడు పేరు మీద పెట్టాను. ఆమె ఆ అక్షరాలను చాలాసేపు తడిమింది. కాఫీ తాగి వెళ్లమంది. తాగలేకపోయాను.

ఆమె పోయాక, ఆ ఇద్దరి పేర్లతో చిన్న వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. నెల తిరక్కుండా తిరిగి వచ్చింది. పాటకు సరైన ఆధారం చూపలేదని, మా గైడు వ్యాసాన్ని ఉదహరించి మళ్లీ పంపమని రాశారు.

మళ్లీ పంపలేదు.