ఐదు మాటల పరీక్ష

మా ఇంట్లో ఎటు చూసినా పంతుళ్లమే. నేను మందసలో లెక్కలు చెబుతాను, మా ఆవిడ తెలుగు చెబుతుంది. పలాసలో ఉండే మా బావమరిది ఆఫీసు గుమాస్తాయే అయినా, పరీక్షల సంగతి వస్తే మా ఇద్దరికీ పెద్ద పంతులు. అలాంటి ఇంటికి ఒక వైద్య పరిశోధన వచ్చి చిక్కింది, పాపం.

ఒకప్పుడు నా మెదడులో నీరు చేరి, అడుగు పడక, మతిమరుపు కూడా వస్తే, విశాఖలో ఆపరేషన్ చేసి, ఆ నీరు కడుపులోకి దిగేలా చర్మం కింద సన్నని ట్యూబు వేశారు. లేచి తిరిగాను, బడికి వెళ్లాను. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లు తర్వాత ఎలా ఉంటున్నారో పరిశోధన చేస్తున్నామనీ, అప్పుడప్పుడు వచ్చి కనిపించమనీ ఓ కుర్ర డాక్టరు అడిగాడు. సరేనన్నాం. వెళ్తే నడిపించి చూసేవాడు. ఐదు మాటలు చెప్పి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, ఆ ఐదూ తిరిగి చెప్పమనేవాడు. ఏనుగు, గొడుగు, బెల్లం, అద్దం, రైలు. రెండోసారీ అవే మాటలు. పక్కన కూర్చున్న బావమరిది ముఖం వెలిగిపోయింది. పేపరు మారదని అతనికి తెలిసిపోయింది.

వేసవి సెలవులు దాటాక నా కాళ్లు మళ్లీ నేలకు అంటుకుపోవడం మొదలైంది. ఓరోజు పదో తరగతిలోకి వెళ్లి ఆరో తరగతి పాఠం చెప్పాను. పిల్లలు మర్యాదస్తులు, రాసుకున్నారు. ఈ సంగతి డాక్టరుకు తెలిస్తే మళ్లీ తల కోస్తారని మా ఆవిడ హడలిపోయింది. మంచి మార్కులు వస్తే కొయ్యరు కదా! ఇంత తేలికైన ఉపాయం దొరికాక పంతుళ్లు ఊరుకుంటారా? ఇంట్లో కోచింగ్ మొదలైంది. కాఫీకి ముందు ఐదు మాటలు, అన్నానికి ముందు ఐదు మాటలు, మధ్యలో హాల్లో నడక ప్రాక్టీసు. పలాసలో రైలెక్కాక కూడా బావమరిది నన్ను వదల్లేదు.

“ఇంకోపాలి సెప్పు బావా. బెల్లం తర్వాత ఏటి?”

“అద్దం.”

“అదీ! ఈపాలి కూడా మనమే ఫస్టు.”

ఎదురు సీటాయన పల్లీలు తినడం ఆపి మమ్మల్నే చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. “మాస్టారూ, ఐదు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. పడవ...”

“ఏనుగు, గొడుగు, బెల్లం, అద్దం, రైలు,” అని గడగడా అప్పజెప్పేశాను.

“నేనింకా చెప్పలేదండీ.”

“ఏనుగు, గొడుగు...”

వెనక నుంచి బావమరిది లేచాడు. “పేపరు మార్సీసినారేటండీ?” అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

డాక్టరు నవ్వలేదు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని మా ఆవిణ్ని అడిగాడు. బట్టీ పట్టొద్దని తరతరాల పిల్లలకు చెప్పిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“పాసయిపోతే బాగయిపోయినట్టే అనుకున్నానండీ.”

నాకు ఆమె మీద కోపం రాలేదు. అంత ప్రేమగా నన్నెవరూ చదివించలేదు.

ట్యూబు మూసుకుపోయిందని స్కానులో తేలింది. ఇంకా ఆలస్యం చేసుంటే మంచానికే పరిమితమయ్యేవాణ్నని చెప్పారు. ఆ రోజు పాసయ్యుంటే నా పని అయిపోయేదే. మళ్లీ తల కోశారు, ట్యూబు మార్చారు. పరిశోధనలో నా పాత మార్కులను ఏం చేశాడో ఆ డాక్టరుకే తెలియాలి.

కోలుకున్నాక మళ్లీ పరీక్ష. అన్నీ కొత్త మాటలు, కోచింగ్ లేదు. మా ఆవిడ ఎక్కడ పెదవి కదిలిపోతుందోనని తల వంచుకుని కూర్చుంది. ఎంత తన్నుకున్నా నాకు మూడే గుర్తొచ్చాయి. లెక్కల మాస్టారిని, ఐదుకు మూడు. సిగ్గుపడుతూ బయటికొచ్చాను.

కాళ్లు మాత్రం వాటంతట అవే నడుస్తున్నాయి. అయినా ఆమె నా చేయి పట్టుకుంది.

“మూడైతే ఏటయ్యిందండీ,” అంది. “మూడూ మీయే కదా.”