వదిన ఫైలు

మొన్న ఆదివారం మా మనవరాలు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని విసుక్కుంటుంటే, ఏమిటా అని పక్కన చేరాను. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు ప్రోగ్రాములు రాసే ఎడిటర్ తెరవగానే బెదిరిపోకుండా, ముందే అమర్చి ఇచ్చే సెట్టింగుల ఫైలు ఒకటి ఉందట. దాన్ని ఇంకాస్త సులువు చేసే పని ఈ పిల్ల మీద పడింది. చూస్తే అది చాంతాడంత ఉంది. "నాన్నమ్మా, ఇందులో సగం నాకే సమఝ్ అవట్లేదు, జూనియర్లకేం చెప్పను?" అంది. అర్థం కానిదంతా తీసెయ్యమన్నాను. అచ్ఛా, అంత సింపులా అని నవ్వింది. నవ్వదూ మరి! బిలాస్‌పూర్‌లో, ఈ మోప్కా పేటలో ఫ్లాటు గుమ్మంలో నిలబడి కొత్తిమీర బేరమాడే ముసలమ్మకు ఆ సంగతులేం తెలుస్తాయి? నా ఉద్యోగం నిలబడింది అలాంటి ఫైలు మీదేనని ఆ పిల్లకెవరూ చెప్పలేదు.

మావారు రైల్వేలో పనిచేస్తూ జబ్బుచేసి పోయారు. ఆయన పోయాక నాకు కంప్యూటర్ సెక్షన్లో శిక్షణకు చోటిచ్చారు. మన కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం, లోపల చలికి చీరకొంగు భుజాల నిండా కప్పుకునేదాన్ని. శిక్షణ చివర పరీక్ష. నెగ్గితే బిలాస్‌పూర్‌లోనే కుర్చీ, క్వార్టర్ మాకే ఉంటుంది. తప్పితే ఎక్కడో అడవి మధ్య స్టేషన్లో గుమాస్తా పని, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. పిల్లలిద్దరి బడి, వంటింటి కిటికీ లోంచి పలకరించే మన తెలుగువాళ్ళు, అన్నీ వదులుకుని పోవాలన్నమాట. నాకు భయంగా ఉండేది. విజయనగరంలో చదివిన బీయే తప్ప నా దగ్గరేమీ లేదు.

అదే సెక్షన్లో మా మరిది పనిచేసేవాడు. బంగారంలాంటి మనిషే, కాని ఏది వడ్డించినా విస్తరి నింపేసే రకం. నాకోసం ఎడిటర్‌కు సెట్టింగుల ఫైలు తయారుచేసి, తనకు తెలిసిన చిట్కాలన్నీ అందులో కుక్కాడు. ఒక కీ నొక్కితే వరసంతా మాయం, ఇంకోటి నొక్కితే నేను రాయని ముక్క వచ్చి కూర్చునేది. "ఏటి బాబూ ఇది? నేనొకటి నొక్కితే అదింకోటి చేస్తంది!" అని అరిస్తే, "అలవాటైపోద్ది వదినా, నీకు సుఖంగా ఉంటాదనే పెట్టాను" అనేవాడు. సుఖం సంగతి దేవుడెరుగు, పొద్దున రాసింది మధ్యాహ్నానికి మిగిలేది కాదు.

మా నాన్న రైలు డ్రైవరు. కొత్త దారిలో బండి నడపాలంటే ఏ డ్రైవరైనా ముందు ఆ దారి తెలిసినవాడి పక్కన నిలబడి వెళ్ళిరావాలి. సిగ్నలెక్కడ, ఎత్తెక్కడ, వంపెక్కడ అన్నీ చూసుకుని, ఈ దారి నాకు తెలుసని సంతకం పెట్టాకే బండి చేతికిస్తారు. రోడ్ లెర్నింగ్ అంటారు దాన్ని. చూడని దారికి సంతకం పెట్టనని మా నాన్న పైవాళ్ళతో మాటలు పడ్డ రోజులున్నాయి. ఆ మొండితనం నాకూ వచ్చింది. ఒకరోజు ఒళ్ళుమండి, మరిది ఫైలంతా చెరిపేసి, అతణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వరసా అడిగి, అర్థమైతేనే చేర్చడం మొదలుపెట్టాను. వరసల పక్కన అంకెలు చూపించేది, ఇప్పుడు రాస్తున్నామో ఊరికే ఫైల్లో తిరుగుతున్నామో తెర అడుగున చెప్పేది, ఇలాంటివి కాసిని మిగిలాయి. ప్రతిదాని పైనా అదెందుకో రాసుకున్నాను. ఆ మిషన్లలో తెలుగు అక్షరాలెక్కడివి, ఇంగ్లీషు అక్షరాల్లోనే మా ఇంటి తెలుగు: "ఇది లేకపోతే ఎక్కడున్నావో నీకే తెలీదు", "ఇది నొక్కీసేవంటే పోయినట్టే, చూసుకో" అని. మరిది మొదట మొహం మాడ్చుకున్నా, చదువుతూ చదువుతూ నవ్వేశాడు.

పరీక్ష రోజు నన్ను కూర్చోబెట్టిన మిషను కొత్తది, అందులో ఏ ఫైలూ లేదు. కాని ప్రతి వరసా అడిగి అడిగి రాసుకున్నదే గనుక చేతులు వాటంతటవే ఆ నాలుగు ముక్కలూ కొట్టేశాయి, అంకెలు కనబడ్డాయి, ఇచ్చిన ప్రోగ్రాము రాసి లేచాను. నెగ్గాను. ఆ కబురు తెలిసేవరకూ వరండాలో కాచుకుని ఉన్న మరిది నా సంచీ అందుకుని ముందు నడిచాడు. ఆ తర్వాత సెక్షన్లో ఎవరు కొత్తగా చేరినా తన ఫైలు పక్కన పెట్టి నాదే ఇచ్చేవాడు, దానికి వదిన అని పేరుపెట్టి. తెలుగు రానివాళ్ళకు పక్కన కూర్చుని హిందీలో చెప్పేవాడు.

ఆ మిషన్లు పాతబడి తుక్కుకు వెళ్ళినప్పుడు ఫైలూ పోయింది. మరిదీ లేడిప్పుడు. కోరుకున్నట్టే క్వార్టర్ నిలిచింది, పిల్లలు ఇక్కడే చదివి ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడే పుట్టి పెరిగిన మనవరాలికి తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడుతూ మధ్యలో హిందీలోకి జారిపోతుంది, అక్షరాలు మాత్రం రావు. ఈ ఊరు వదలకూడదని అంత తాపత్రయపడి సాధించుకున్నదాంట్లో ఇదీ ఒక భాగమే, ఎవరిని ఏమనగలను? ఇంతసేపూ రాసిన ఈ కాగితాల్లో ఆ పిల్లకు ఒక్క ముక్క చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ ఫైలైతే గడగడా చదివి, అర్థం చేసుకుని, నవ్వేది కూడా. నేను రాసిన తెలుగులో నా మనవరాలు చదవగలిగేది అదొక్కటే, అది తుక్కులో పోయింది.